నూట పదిహేడో ఇల్లు

కోరుట్ల,
5 నవంబర్ 2024

శ్రవణ్,

నీ ఉత్తరం వేలెడంత ఉంది. ఆశీస్సులు కూడా అంతే పంపుతున్నాను. మిగతావి నువ్వు పొడుగ్గా రాసిన రోజున.

మీ హాస్టల్లో ఆదివారం అరగంట తప్ప ఫోన్ చేతికివ్వరని మీ నాన్న బాధపడుతున్నాడు. నాకేం బాధ లేదు. ఫోన్లో నువ్వు "ఆ", "తిన్న", "సరే" అనే మూడు మాటలతో పని గడుపుతావు. కాగితం మీదైతే నాలుగో మాట రాయక తప్పదు. నీ మంచం మీద మీ అమ్మ ఉతికిన బట్టలు కుప్పగా పోస్తోంది. సాయంత్రం వాటిని మడత పెడుతూ అక్కడే కాసేపు కూర్చుంటున్నాను, అంతే.

"శాంపిలింగ్ అంటే ఏందో సమజైత లేదు నాయినమ్మా" అని రాశావు. మీ సారు ఎట్లా చెప్పాడో తెలియదు. ఆడపిల్లల బడిలో ఇరవై ఎనిమిదేళ్ళు నేను చెప్పింది ఇట్లా. మార్కెట్‌కు పసుపు బస్తా వస్తుంది. ఒక్కో కొమ్మూ తీసి చూసే తీరిక ఎవరికీ ఉండదు. కొన్ని తీసి చూసి, బస్తా అంతా ఇట్లాగే ఉంటుందని నమ్మాలి. బస్తా మొత్తం నీ జనాభా, చేతిలోకి వచ్చిన కొమ్ములు నీ శాంపిల్. అమ్మేవాడు తెలివైనవాడైతే మెరిసే కొమ్ములన్నీ మూతి దగ్గర సర్దుతాడు. కొనేవాడు తెలివైనవాడైతే ఇనుప గొట్టం తెచ్చి పక్కన, నడుమ, అడుగున గుచ్చి తీస్తాడు. ఈ చదువంతా ఆ గొట్టం ఎక్కడ గుచ్చాలన్నదే.

చేతికి అందినవి తీయడం శాంపిలింగ్ కాదు. బస్తాలోని ప్రతి కొమ్ముకూ నీ చేతిలోకి వచ్చే అవకాశం ఉండాలి. అందరి పేర్లూ చీటీల మీద రాసి, కలిపి, కళ్ళు మూసుకుని తీయడం అన్నిటికంటే సులువైన పద్ధతి. కళ్ళు మూసుకోవడం ముఖ్యం. తెరిస్తే మనిషికి ఇష్టాయిష్టాలు మొదలవుతాయి.

ఇక ప్రాజెక్టు. మరమగ్గాల కార్మికులు రోజుకు ఎన్ని గంటలు నిద్రపోతారో అడగడానికి సిరిసిల్ల పోతానంటున్నావు. అంత దూరం ఎందుకు? ఇక్కడ కోరుట్లలో బీడీలు చుట్టే ఆడవాళ్ళు నిద్రపోరా? సిరిసిల్ల బస్సు నడుముకు మంచిది కాదు.

నీ మంచానికి కాపలా ఉన్న
నాయినమ్మ


జగిత్యాల,
11 నవంబర్ 2024

నాయినమ్మకు,

ఇది పొడుగు ఉత్తరం. ఆపిన ఆశీస్సులు పంపించు.

నీ బస్తా ముచ్చట క్లాసులో చెప్పాను. మా సారు నవ్వి, ఆమె ఎవరు అని అడిగాడు. గర్వంగా ఉండింది. కానీ ఊరు మార్చుకోవడానికి ఆయన ఒప్పుకోలేదు. సిరిసిల్ల అని రిజిస్టర్‌లో రాసేశాడట.

నిన్న ఆదివారం పోయి సర్వే మొత్తం ముగించుకుని వచ్చాను. ఎంత సులువో చెప్తా విను. ఇక్కడ పొద్దున బస్సెక్కితే పదకొండుకు ముందే దిగాను. బస్టాండు పక్కనే చాయ్ హోటల్. అక్కడికి వచ్చినవాళ్ళను ఒక్కొక్కరినే, మగ్గాల మీద పనిచేస్తావా, ఎన్ని గంటలు పడుకుంటావు అని అడిగాను. రెండు గంటల్లో ముప్పై మంది అయిపోయారు. సగటు ఎనిమిది గంటలు వచ్చింది. సిరిసిల్ల కార్మికులు కంటినిండా నిద్రపోతున్నారని తేలింది. మా హాస్టల్ పిల్లల కంటే నయం.

పంతొమ్మిదేళ్ళ నడుముకు బస్సు ఏం చేస్తుంది నాయినమ్మా? నువ్వు అసలు సంగతి చెప్పడం లేదు. ఫోన్లో నాన్నను అడిగితే, "మీ నాయినమ్మనే అడుగు పో" అని పెట్టేశాడు. సిరిసిల్లతో మనకు ఏమన్నా గొడవ ఉందా?

నీ మనుమడు
శ్రవణ్


కోరుట్ల,
14 నవంబర్ 2024

శ్రవణ్,

ఆపిన ఆశీస్సులు పంపిద్దామనే కూర్చున్నాను. నీ ఉత్తరం రెండోసారి చదివి మళ్ళీ లోపల పెట్టేశాను.

పొద్దున పదకొండు గంటలకు చాయ్ తాగుతున్నవాణ్ణి పట్టుకుని నిద్ర గురించి అడిగావు. మేలుకుని, తీరికగా, బస్టాండు దాకా వచ్చే ఓపిక ఉన్నవాళ్ళే నీకు దొరికారు. పడుకున్నవాళ్ళు చాయ్ హోటల్‌కు ఎట్లా వస్తారు నాయనా? షెడ్డులో మగ్గం ముందు నిలబడ్డవాడు ఎట్లా వస్తాడు? నువ్వు ముప్పై మందిని అడగలేదు. ఒక్కణ్ణే ముప్పై సార్లు అడిగావు. ఆ కాగితాలు మీ హాస్టల్లో వడలు చుట్టుకోవడానికి ఇవ్వు.

ఇప్పుడు సరిగ్గా చెయ్యి. ఒక వీధి తీసుకో. ఇళ్ళ జాబితా సంపాదించు. రెండు వందల నలభై ఇళ్ళున్నాయనుకో, నీకు ముప్పై కావాలి. భాగిస్తే ఎనిమిది. ఒకటి నుంచి ఎనిమిది దాకా చీటీలు రాసి ఒకటి తియ్యి. ఏ అంకె వస్తే ఆ ఇంటితో మొదలుపెట్టి, అక్కణ్ణించి ప్రతి ఎనిమిదో ఇల్లు. దీన్నే మీ పుస్తకంలో క్రమబద్ధ ప్రతిచయనం అని పళ్ళు విరిగే పేరుతో రాశారు. ఒక్కటే చూసుకో. ఆ వీధిలో వరుసకు ఎనిమిదేసి ఇళ్ళు కట్టి ఉంటే ప్రతిసారీ ఒకే మూల ఇల్లు తగులుతుంది. అప్పుడు లెక్క చెడుతుంది.

ఇంకో మాట. చీటీలో పడ్డ ఇల్లు నచ్చలేదని మార్చొద్దు. తలుపు మూసి ఉందని పక్కింటికి పోవద్దు. వేరే పూట మళ్ళీ పో. మూసిన తలుపు వెనకాల ఉన్నవాడు తెరిచిన తలుపు వాడిలాగా ఉండడు, అందుకే అది మూసి ఉంది.

సిరిసిల్లతో నాకేం గొడవ ఉంటుంది? ఊళ్ళతో ఎవరూ గొడవపడరు. ఎట్లాగూ పోతున్నావు కాబట్టి, ఆ వీధులు ఎట్లున్నాయో రాయి. మధ్యాహ్నం పూట ఆడవాళ్ళు గడప మీద కాసేపు కూర్చుంటున్నారా? మనిషి ముఖంలో నెత్తురుందా? సర్వే కోసం కాదు. ఊరికే.

నాయినమ్మ


జగిత్యాల,
25 నవంబర్ 2024

నాయినమ్మకు,

ఈసారి తిట్టడానికి నీకు పెద్దగా ఏమీ దొరకదు.

మరమగ్గాలు ఎక్కువున్న ఒక వీధి జాబితా దొరికింది. లెక్కపెడితే నిజంగానే రెండు వందల నలభై ఇళ్ళు. నువ్వు ముందే చూసి వచ్చావా ఏంది? చీటీ తీస్తే ఐదు వచ్చింది. ఐదు, పదమూడు, ఇరవై ఒకటి, అట్లా రెండు వందల ముప్పై ఏడు దాకా. ఇళ్ళు వంకరటింకరగా ఉన్నాయి, ఎనిమిదేసి వరుసలేమీ లేవు.

నిన్న మళ్ళీ ఆదివారమే, ఆ బస్సుకే పోయాను. పంతొమ్మిది ఇళ్ళల్లో మనుషులు మాట్లాడారు. పదకొండు ఇళ్ళల్లో తాళం, లేదంటే "పడుకున్నడు, లేపొద్దు" అన్నారు. పక్కింటికి పోవద్దని నువ్వు రాసింది గుర్తుంది. కానీ మళ్ళీ పోవాలంటే మళ్ళీ ఆదివారం దాకా ఆగాలి, సారు తొందర పెడుతున్నాడు. అందుకే ఆ పదకొండింటికి పక్కిళ్ళు తీసుకున్నాను. సగటు ఏడు గంటల పది నిమిషాలు.

నువ్వు అడిగావు కదా, వీధి సంగతి. మగ్గాల చప్పుడు గోడల్లోంచి కాళ్ళకు తెలుస్తుంది. మాట్లాడాలంటే దగ్గరికి జరగాలి. ఆడవాళ్ళు గడప మీద కూర్చుంటున్నారు, కానీ చేతిలో ఏదో ఒక పని ఉంటుంది. నూట పదిహేడో ఇంట్లో ఒకామె నాకు మంచినీళ్ళిచ్చింది. ఇంటాయన పడుకున్నాడు, పొద్దుమీకి, దీపాలు పెట్టే వేళకు రమ్మంది. ఏ ఊరు అని అడిగితే కోరుట్ల అన్నాను. మీ నాయిన పేరేంది అంది. మధుకర్ అన్నాను. ఆమె నా ముఖమే చూస్తూ గ్లాసు మళ్ళీ నింపింది. తర్వాత, "మీ నాయినమ్మ ఇంక ట్యూషన్లు చెప్తదా?" అని అడిగింది. లేదు, చూపు మందగించి మానేసింది అన్నాను. "చెప్పకుంట ఎట్ల ఉంటున్నదో" అంది. నీ పాత స్టూడెంట్ అయి ఉంటుంది. నీ స్టూడెంట్లు లేని ఊరు లేదు. నాయినమ్మకు ఏమన్నా చెప్పాల్నా అంటే ఏం లేదంది. కానీ తినకుండా పోనివ్వలేదు. పప్పుచారు అచ్చం మన ఇంట్లో లాగానే ఉంది.

శ్రవణ్


కోరుట్ల,
28 నవంబర్ 2024

శ్రవణ్,

ఆమె నా స్టూడెంటే. మొదటి స్టూడెంట్. నా బిడ్డ.

మన ఆల్బమ్‌లో నిన్ను ఎత్తుకుని నవ్వుతున్న అమ్మాయి ఎవరని చిన్నప్పుడు అడిగావు. చుట్టాలమ్మాయి అని చెప్పాను. ఆమె మీ అత్తమ్మ, రాధ. డెబ్బై రెండేళ్ళ లెక్కల టీచరు మనుమడికి అబద్ధం చెప్పింది. ఇప్పుడు సరిదిద్దుతున్నాను.

మా నాయన రామస్వామి చేనేత మనిషి. పొద్దు పొడవక ముందే మగ్గం గుంతలో కాళ్ళు పెట్టేవాడు. పొద్దెక్కినా పడుకున్న మనిషిని నేను జ్వరంలో తప్ప మా ఇంట్లో చూడలేదు. ఆ గుంతలోంచి నేను పలక పట్టుకుని బయటికి వచ్చాను. నా బిడ్డ నాకంటే ఎక్కువ చదివింది. చదివి, సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డులో పనిచేసే శ్రీశైలం అనే అతన్ని చేసుకుంటానంది. పదో తరగతి చదివాడట. సరే అన్నాను. సరే అన్నానని ఎవరూ నమ్మరు, కానీ అన్నాను.

పెళ్ళయ్యాక రెండేళ్ళలో మూడుసార్లు వాళ్ళింటికి పోయాను. మూడుసార్లూ అతను ముసుగు తన్ని పడుకుని ఉన్నాడు. పట్టపగలు. లేచి అత్తకు దండం పెట్టలేదు. రాధ చేతుల్లో గిన్నెలు, మూల మంచంలో అతని తల్లి, నడి ఇంట్లో గురక. మూడోసారి నా నోరు ఆగలేదు. "పండుకునేటోన్ని ఏరి చేసుకున్నవు, ఇగ బతుకంత నువ్వే మేలుకొని ఉండు" అన్నాను. రాధ ఏడవలేదు. "నువ్వు ఇగ రాకమ్మా" అంది. నేను వెళ్ళలేదు. పద్నాలుగేళ్ళు.

ఇప్పుడు నువ్వు వెళ్తే కూడా పడుకునే ఉన్నాడు. నాలుగో సాక్ష్యం నువ్వే తెచ్చావు. నేను తప్పు చూడలేదని తేలింది. తేలితే సంతోషంగా ఉండాలి కదా, నీ ఉత్తరం అందినప్పటి నుంచి అన్నం సహించడం లేదు. ఆమె ముఖంలో నెత్తురుందో లేదో నువ్వు రాయలేదు.

ఆ నూట పదిహేడో ఇంటిని నీ జాబితాలోంచి కొట్టేయి. పక్కిల్లు ఎట్లాగూ తీసుకున్నావు, అది చాలు. మళ్ళీ ఆ గడప తొక్కి ఆమెను ఇబ్బంది పెట్టకు.

నాయినమ్మ


జగిత్యాల,
9 డిసెంబర్ 2024

నాయినమ్మా,

నువ్వు కొట్టేయమన్న ఇంటిని కొట్టేయలేదు. చీటీలో పడ్డ ఇల్లు మార్చొద్దని నువ్వే రాశావు. ఆ ఉత్తరం నా దగ్గరుంది.

నాకు కోపం వచ్చింది. ఫొటోలో నన్ను ఎత్తుకున్నామె నాకు నీళ్ళిచ్చి, అన్నం పెట్టి, ఎవరో చెప్పకుండా పంపింది. నువ్వేమో తెలిసీ కొట్టేయమంటావు. వార్డెన్‌తో పర్మిషన్ రాయించుకుని శనివారం, ఆదివారం రెండు రోజులూ సాయంత్రం పూట సిరిసిల్లలో ఉన్నాను. ఆ పదకొండు ఇళ్ళకూ పోయాను.

ఒక ఇల్లు నిజంగానే ఖాళీ. వాళ్ళు మహారాష్ట్రలో భివండీ మగ్గాల పనికి పోయారు. ఇంకొకాయన నిజంగానే సోమరి, పది గంటలు పడుకుంటానని సంతోషంగా చెప్పాడు. మిగతా తొమ్మిది మందీ రాత్రి షిఫ్టు, నాయినమ్మా. రాత్రి ఎనిమిదికి మగ్గం ఎక్కి పొద్దున ఎనిమిదికి దిగుతారు. పదకొండు గంటలంటే వాళ్ళకు నడిరాత్రి. మధ్యలో పిల్లలు, అంగళ్ళు, కరెంటు మనిషి. సగటున ఐదు గంటలు కూడా సరిగ్గా పడుకోరు. పక్కిళ్ళను తీసేసి వాళ్ళను కలిపితే నా ఏడు గంటల పది నిమిషాలు ఆరున్నర దగ్గరికి దిగింది.

శ్రీశైలం మామయ్య పెళ్ళికి ముందు నుంచీ రాత్రి షిఫ్టే. మూల మంచంలో చూశానన్నావు కదా, ఆయన తల్లి సత్తవ్వ. ఆమెకు నడుం కింద పడిపోయిందట. అత్తమ్మ బడికి పోతుంది, అక్కడి ప్రైవేటు బడిలో లెక్కలే చెప్తుంది. పగలు సత్తవ్వను లేపి, కడిగి, తినిపించింది ఆయనే. పదేళ్ళు. ఆదివారం ఒక్కరోజు అత్తమ్మ ఇంట్లో ఉండేది కాబట్టి ఆ ఒక్క పూట తెగ పడుకునేవాడట. సత్తవ్వ పోయి ఆరేళ్ళయింది.

ఇవన్నీ చెప్తే నేను, నాయినమ్మకు ఎందుకు చెప్పలేదు అత్తమ్మా అని అడిగాను. ఆమె బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా అంది:

"మూడుసార్లచ్చిందిరా. ఆదివారమే అచ్చింది, అదే బస్సుకచ్చింది, మళ్ల బస్సుకు పోయింది. ఒక్కనాడన్న దీపం పెట్టేదాక ఉన్నదా? లెక్కల టీచరమ్మ గదా, ఎందుకు పండుకున్నడని అడుగుతదనుకున్న. అడుగలే."

పోయేటప్పుడు గేటు దాకా వచ్చింది. నిన్ను రమ్మని చెప్పలేదు. రావద్దని కూడా చెప్పలేదు.

ముఖంలో నెత్తురు సంగతి నాకు తెలియదు. నవ్వితే ఫొటోలో లాగానే ఉంటుంది. ఒక్కసారే నవ్వింది.

శ్రవణ్


కోరుట్ల,
12 డిసెంబర్ 2024

శ్రవణ్,

నీ ఉత్తరం మీ నాన్న ముందు పెట్టాను. చదివి, మడిచి, తిరిగి ఇచ్చాడు. నీకు ఇదంతా తెలుసా అని అడిగాను. "తెలుసమ్మా. రెండుసార్లు చెప్పబోయిన. ఆ పేరెత్తితే అన్నం ముంగట నుంచి లేస్తనన్నవు" అన్నాడు. లేచి ఉండేదాన్నే. నన్ను నేను ఎరుగుదును.

ఆదివారం తప్ప నాకు బడి సెలవుండేది కాదు. ఆ బస్సు తప్ప పొద్దున నేరుగా పోయేది లేదు. దిగి నడిచి వాళ్ళ గడప ఎక్కేసరికి పదకొండు. మూడుసార్లు చూశాను కాబట్టి మూడు సాక్ష్యాలనుకున్నాను. నీ చాయ్ హోటల్‌ను వెక్కిరించిన మనిషి చేసింది అదే పని. పెద్ద శాంపిల్ తీస్తే తప్పు తగ్గుతుందని బడిలో చెప్పేదాన్ని. గొట్టం ఒక్కచోటే గుచ్చుతూ పోతే వందసార్లు గుచ్చినా తప్పు తగ్గదు, గట్టిపడుతుంది.

మా నాయన మగ్గానికి వెలుతురు కావాలి. కరెంటు మగ్గానికి రాత్రీ పగలూ ఒకటే. నేత ఇంట్లో పుట్టి కూడా అది నాకు తట్టలేదు. తట్టకపోవడం ఒకటి, అడగకపోవడం ఒకటి. మొదటిదానికి నన్ను క్షమించవచ్చు. ఆ ముసలామె మంచం మీంచి ఎందుకు లేవడం లేదో కూడా నేను అడగలేదు. దూరం నుంచే దండం పెట్టి, చాలనుకున్నాను.

రాధ బడిలో లెక్కలు చెప్తోందని నువ్వు ఒక పంక్తిలో రాసి పోయావు. ఆ పంక్తి ఎన్నిసార్లు చదివానో అడగకు. ఏ తరగతికి చెప్తోంది? భిన్నాల దగ్గర పిల్లలు తడబడితే ఏం చేస్తోంది? చిన్నప్పుడు రొట్టె తుంచి చూపిస్తే తప్ప తనకు అర్థమయ్యేది కాదు.

ఇరవై ఒకటో తేదీ శనివారం మధ్యాహ్నం బస్సుకు బయల్దేరుతున్నాను. సాయంత్రం అవుతుంది చేరేసరికి. మోకాలు వద్దంటోంది, దాని మాట వినడం లేదు. పక్కింటి సకీనాబీ వేములవాడ దాకా తోడు వస్తానంది, అక్కడ ఆమె చెల్లెలుంది. మీ నాన్న కారులో దింపుతానన్నాడు, వద్దన్నాను. బస్సులో పోయి చేసిన పని ఇది.

ఆమె తలుపు తీయకపోవచ్చు. నీ సర్వే కాగితంలో దానికి గడి ఉందా? ఇంట్లో ఉన్నారు, జవాబు ఇవ్వలేదు అని? లేకపోతే ఒకటి గీయి. అట్లాంటి ఇళ్ళను లెక్కలో చూపించాలి, దాచకూడదు.

నాయినమ్మ


సిరిసిల్ల,
22 డిసెంబర్ 2024, ఆదివారం

శ్రవణ్,

నిన్న సాయంత్రం నాలుగున్నరకు తలుపు తట్టాను. తీసింది శ్రీశైలం. పద్నాలుగేళ్ళ తర్వాత కాదు, మొదటిసారి చూశాను అతన్ని. ముసుగు లేకుండా. సన్నటి మనిషి, తల నెరిసింది. "రా అత్తమ్మా, కూసో" అన్నాడు, నేను నిన్ననే వచ్చి పోయినట్టు. చాయ్ తనే పెట్టాడు. చక్కెర ఎక్కువైంది. తాగాను.

దారి పొడుగునా కూర్చుకున్న మాటల్లో ఒక్కటే బయటికి వచ్చింది, నాకు తెలియలేదు నాయనా అన్నాను. "మీకెట్ల తెలుస్తది అత్తమ్మా, నేను లేచి ఉన్నప్పుడు మీరు రాలే గదా" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడుపు అయితే నాకు కొంచెం తేలికగా ఉండేది.

రాధ బడి నుంచి ఐదింటికి వచ్చింది. నన్ను చూసి, చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని వంటింట్లోకి పోయింది. అతను ఏడున్నరకు టిఫిన్ డబ్బా పట్టుకుని షిఫ్టుకు పోయాడు. నాకు అన్నం పెట్టింది. అడగకుండానే చింతకాయ తొక్కు రెండోసారి వేసింది. పక్క పరిచింది. మాట లేదు. నేనూ అడగలేదు. జవాబు ఇవ్వకపోవడం ఆమె హక్కు.

పొద్దున ఎనిమిది దాటాక అతను వచ్చాడు. కనుబొమ్మల మీద దూది నూగు. స్నానం చేసి, తిని, వాలగానే నిద్రపోయాడు. మనిషి అలసి పడుకోవడాన్ని నేను ఇంత దగ్గర నుంచి ఎప్పుడూ చూడలేదు. గడప మీద వచ్చి కూర్చున్నాను.

పదకొండుకు కాస్త ముందు, ప్లాస్టిక్ బకెట్లు అమ్మే ఆటో ఒకటి మైకు పెట్టుకుని వచ్చింది. మోకాలు పట్టుకుని గేటు దాకా పోయాను. ఈ వీధిలో సగం మందికి ఇది నడిరాత్రి, బుద్ధుందా, మైకు బందు చేసి పో అని బడి గొంతుతో కేకేశాను. పాపం, వాడు బకెట్లతో సహా పోయాడు. వెనక్కి తిరిగితే రాధ గుమ్మంలో నిలబడి ఉంది.

"మైకుకు లేవడమ్మా ఆయన. మగ్గాల చప్పుడుల ఉన్న చెవులు. నీ గొంతుకు లేస్తడు. మెల్లగ మాట్లాడు."

ప్రతి మాటా స్పష్టంగా వినిపించింది. అయినా తిరిగి వచ్చి గడప మీద కూర్చుని, ఏమన్నవు అని అడిగాను.

మళ్ళీ చెప్పింది. ఈసారి పక్కన కూర్చుని.

నాయినమ్మ